వరసలో ఐదో మనిషి

ధర్నాలకు వచ్చినవాళ్లను ప్రశ్నలు అడగడానికి మా చదువులో ఒక పద్ధతి ఉంది. అడిగే మనిషి ఎవరిని అడగాలో తను ఎంచుకోకూడదు. ఇంకొకరు గుంపు అంచున నిలబడి, మనుషుల్ని లెక్కపెట్టుకుంటూ వెళ్లి, ఐదో మనిషి వైపు చెయ్యి చూపిస్తారు. అడిగేవాళ్లు వెళ్లి ఆ మనిషినే పలకరించాలి. ఆ మనిషి చిరాగ్గా ఉన్నా సరే, పక్కనే ఇంకొకరు నవ్వుతూ కనిపిస్తున్నా సరే. ఎందుకంటే మమ్మల్ని మా ఇష్టానికి వదిలేస్తే నవ్వు మొహాల దగ్గరికే పోతాం. మాలాగా మాట్లాడేవాళ్ల దగ్గరికే పోతాం. తర్వాత ధర్నాలకు వచ్చేవాళ్లంతా మాటకారులే అని వ్యాసాలు రాసేస్తాం.

గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు పై అంతస్తులో అద్దెకున్న చిన్న పరిశోధన కేంద్రంలో నేను పనిచేస్తున్నాను. రాజనీతి శాస్త్రంలో డాక్టరేట్ అనగానే బంధువులు ఇప్పటికీ నన్ను రాజ్యాంగంలో అధికరణల గురించి అడుగుతారు. మా పనిలో సగం ఎండలో నిలబడి చేసేదని చెప్పడం ఎప్పుడో మానేశాను. ఆ ఏడాది మేం తెలుసుకోవాలనుకున్నది ఒకటే. ధర్నాకు వచ్చి, పోలీసులు బస్సెక్కించి తీసుకెళ్లి, సాయంత్రం వదిలేసిన మనిషి మళ్లీ ధర్నాకు వస్తారా, రారా? భయపడి ఆగిపోతారా, భయం తీరిపోయి ఇంకా గట్టిగా వస్తారా? దీనిమీద చాలా దేశాల్లో చాలామంది రాశారు. ఒకరు చెప్పినదానికీ ఇంకొకరు చెప్పినదానికీ పొసగదు. ధర్నా జరిగే చోటే కొన్ని ప్రశ్నలు అడిగి, ఫోన్ నంబరు తీసుకుని, నెల తర్వాత ఫోన్ చేసి మళ్లీ అడగాలన్నది మా ఆలోచన. కాబట్టి ఆ నంబరే ఈ పరిశోధనకు ప్రాణం. అది లేకపోతే మొదటిరోజు జవాబులు ఎన్ని ఉన్నా అవి అక్కడితో ఆగిపోయినట్టే.

చెయ్యి చూపించే పని నా సహోద్యోగిది. మెదక్‌లో పుట్టి పెరిగినవాడు, వాళ్లమ్మ అక్కడ మిషన్ బడిలో టీచరుగా చేసింది. నాకంటే కొన్నేళ్లు చిన్నవాడు, లెక్కల్లో నాకంటే చాలా గట్టివాడు. నన్ను అక్కా అని పిలుస్తాడు. ప్రశ్నలు అడిగే పని నాది. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. పాత ఉమ్మడి రాష్ట్రం ఏర్పడినప్పుడు తాతగారు గుమాస్తా ఉద్యోగంతో పాటే ఇక్కడికి వచ్చేశారు. నేను పుట్టిందీ చదివిందీ ఈ ఊళ్లోనే. అయినా నోరు విప్పితే మా ఇంటి మాటే వస్తుంది. మామూలు రోజుల్లో ఆ సంగతి నాకు గుర్తు కూడా రాదు.

ఆ రోజు అసెంబ్లీ ముందు ధర్నా చేస్తామని అంగన్‌వాడీ టీచర్లూ ఆయాలూ పిలుపునిచ్చారు. మేం పొద్దున్నే నాంపల్లి స్టేషన్ ముందుకు చేరుకున్నాం. రైలు దిగిన ఆడవాళ్లను పోలీసులు అక్కడే ఆపేస్తున్నారు. అందుకని వాళ్లు ఇద్దరిద్దరుగా, ముగ్గురుగా విడిపోయి, పెళ్లికి పోతున్నట్టు రంగు చీరల్లో బయటికి వస్తున్నారు. యూనిఫాం చీరలు సంచుల్లో ఉన్నాయి. కొందరు మెట్రో స్టేషన్ కింద ఒకరికొకరు అడ్డం నిలబడి, రంగు చీర మీదే యూనిఫాం చీర చుట్టుకుంటున్నారు. చూస్తుండగానే పబ్లిక్ గార్డెన్స్ వైపు రోడ్డంతా ఒకే రంగైపోయింది.

మా దగ్గర కేంద్రం ఇచ్చిన ఉత్తరం, మెడలో కార్డు, చేతిలో ట్యాబ్ ఉన్నాయి. ప్రతి ఒక్కరికీ మొదట నాలుగు మాటలు చదివి వినిపించాలి. పేరు రాసుకోం. జవాబులు ఎవరికీ చూపించం. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదు. ఎప్పుడు వద్దనుకున్నా మీరు చెప్పిందంతా తీసేయమని అడగొచ్చు. ఎన్నోసార్లు చదివిన మాటలు కాబట్టి మంత్రం చదివినట్టు చదివేస్తాను.

నా సహోద్యోగి రోడ్డు అవతల డివైడర్ మీద నిలబడి చెయ్యి చూపించాడు. చాలామంది బాగానే మాట్లాడారు. అందులో ఒక ఆయా ఉంది. యాభై దాటి ఉంటాయి. నుదుటి మీద చెమటకు బొట్టు కారింది.

"మీరు ఇక్కడికి వస్తున్నట్టు ఇంట్లో చెప్పారా?" అని ప్రశ్న.

"లే మేడమ్. మా ఆయనకు చెప్పలే. చెల్లె ఇంటికి పోతున్న అని వచ్చిన," అంది.

"రమ్మని మీకు ఎవరు చెప్పారు?"

"మా టీచరే. ఆమెకు సుత భయమే. సూపర్‌వైజర్‌కు తెలిస్తే ఊకోదు. మీరు గిది ఎవలకు చెప్పరు గద?"

"చెప్పం" అన్నాను. ఆమె నంబరు చెప్పింది. నేను ట్యాబ్‌లో ఎక్కించుకున్నాను. నెల తర్వాత ఫోన్ చేస్తానంటే, "పొద్దుగూకకముందు చెయ్యి మేడమ్, మా ఆయన ఇంట్ల ఉండడు" అంది.

ఆ తర్వాత డివైడర్ మీదినుంచి చెయ్యి ఒక మగమనిషి వైపు చూపించింది. గుంపు అంచున, టీ బండి పక్కన, గళ్ల చొక్కా, చేతిలో హెల్మెట్. భార్యను దింపడానికి వచ్చిన భర్త అనుకున్నాను. అలాంటివాళ్లూ ధర్నాలో భాగమే, వాళ్లనూ అడగాలి. వెళ్లి నాలుగు మాటలూ చదివాను. ఆయన శ్రద్ధగా విని, "అడుగుండ్రి" అన్నాడు.

"ఇంతకుముందు ఇలాంటి ధర్నాలకు ఎప్పుడైనా వచ్చారా?"

"మస్తు సార్లు. దినాం ఏదో ఒకటి ఉంటది గద."

నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. పోలీసుల మీద నమ్మకం ఎంత అనే ప్రశ్న ఉంటుంది. చాలా ఉంది, కొంత ఉంది, తక్కువ, అసలు లేదు. ఆయన రోడ్డు వైపు చూసి, గొంతు తగ్గించి, "తక్కువ అని రాస్కోండి" అన్నాడు.

"మిమ్మల్ని రమ్మని ఎవరు చెప్పారు?"

"మా సార్. డ్యూటీ" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. చొక్కా కింద నడుము దగ్గర ఎత్తుగా కనిపిస్తున్నది వాకీటాకీ. మఫ్టీలో ఉన్న కానిస్టేబుల్. నా వేలు ట్యాబ్ మీద ఆగిపోయింది. ఆయన మాత్రం తీరుబడిగా, "మేడమ్, గీ ముచ్చట అందర్నీ అడుగుతున్నరా? ఎవలు పిలిచిన్రు, ఎవలు తోల్కొచ్చిన్రు అని?" అన్నాడు.

"అడుగుతున్నాం."

"నంబర్లు సుత తీసుకుంటున్నరా?"

థాంక్స్ చెప్పి వెనక్కి తిరిగాను. వీపు మీద ఆయన చూపు తెలుస్తూనే ఉంది.

ఇంకో ముగ్గురిని అడిగానో లేదో విజిల్ వినిపించింది. మహిళా కానిస్టేబుళ్లు రెండు వైపుల నుంచీ తాడు పట్టుకుని వచ్చారు. "ఎక్కండి, ఎక్కండి" అంటూ బస్సుల వైపు తోశారు. నేను కార్డు ఎత్తి చూపించాను. "మేడమ్, నేను ధర్నాకు రాలేదు, సర్వే చేస్తున్నాను" అని అరిచాను. నా భుజం పట్టుకున్న ఆమె కార్డు వైపు చూడనైనా లేదు. "లోపట కూసోని చెప్పు" అని మెట్టెక్కించింది. డివైడర్ మీద నా సహోద్యోగి చేతులు ఊపుతూ ఏదో అంటున్నాడు. మగవాళ్లను వేరే వైపు తరిమేశారు. బస్సు తలుపు పడింది.

బస్సులో కొంతసేపు నినాదాలు సాగాయి. అబిడ్స్ దాటి మొజంజాహీ మార్కెట్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు నినాదాలు సన్నగిల్లాయి. అప్పుడు నా వెనక సీట్లో ఒక గొంతు, నాకు వినపడాలన్నట్టే, "గా మఫ్టీ ఆయనతోని నవ్వుకుంట మాట్లాడింది గీమెనే" అంది.

"ఎవరు?"

"గీ ట్యాబ్ మేడమ్. మన అందరి నంబర్లు రాసుకున్నది. ఆయనకు చూపెట్టింది."

నేను వెనక్కి తిరిగాను. "చూపించలేదండీ. ఆయన పోలీసని నాకు తెలియదు. వరసలో వచ్చాడని అడిగాను" అన్నాను.

"మాట చూడు. గీమె గీడామెనే కాదు" అంది ఇంకొకామె.

నేను ఈ ఊళ్లోనే పుట్టానని చెప్పబోయాను. చెప్తే ఇంకా అధ్వానంగా ఉంటుందని ఊరుకున్నాను. పక్క సీటులో ఉన్న ఆమె చీర కొంగు లాక్కుని కిటికీ వైపు జరిగింది. నడిమి దారిలో నిలబడినవాళ్లు నా వైపు వంగి చూస్తున్నారు. ఒకామె ట్యాబ్ మీద చెయ్యి వేసింది. లాక్కోలేదు, ఊరికే వేసి ఉంచింది. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ జ్ఞాపకం ఉంది.

ఆ గుంపులోంచి ఆ ఆయా ముందుకు వచ్చింది. నా మీద అరవలేదు. "మేడమ్, నాది తీసెయ్యి. తీసేయమంటే తీసేస్త అన్నవ్ గద" అంది.

ఆ మాట నేనే చదివి వినిపించాను. ఎన్నో ఏళ్లుగా ఎన్నో వందలమందికి చదివాను. ఆ వాక్యాన్ని నమ్మి, దాన్ని పట్టుకుని వచ్చి నిలబడిన మనిషిని అదే మొదటిసారి చూడటం. "తీసేస్తాను, బస్సు ఆగనివ్వండి" అన్నాను. నా గొంతు నాకే నమ్మదగ్గట్టు లేదు.

బస్సు ఏ స్టేషన్‌కు వెళ్లిందో ఇక్కడ రాయను. గోడ వెంట పట్టుకొచ్చిన మోటారు సైకిళ్లు వరసగా పెట్టిన ఆవరణ అది. అందరినీ రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టారు. కాసేపటికి ఒక కానిస్టేబుల్ వచ్చి, "సర్వే మేడమ్ ఎవరు?" అని పిలిచింది. నేను లేచాను. అందరి కళ్లూ నాతోపాటే లేచాయి.

లోపల సీఐ కూడా ఆడమనిషే. నా వయసే ఉంటుంది. కుర్చీ చూపించింది. టీ తెప్పించింది. గోడకు ఆనుకుని ఆ గళ్ల చొక్కా మనిషి నిలబడి ఉన్నాడు. ఆమె ఉత్తరం రెండుసార్లు చదివింది.

"దీంట్లో ఏమున్నయ్?"

"జవాబులున్నాయి మేడమ్. పేర్లు లేవు."

"నంబర్లు?"

అబద్ధం చెప్పడానికి ఆ క్షణంలో నాకు ధైర్యం లేదో, బుద్ధి పుట్టలేదో చెప్పలేను. "ఉన్నాయి" అన్నాను.

"ఎవరు పిలిస్తే వచ్చిన్రో అది సుత ఉన్నదట గద."

"ఉంది."

"జర ఓపెన్ చెయ్యండి, చూద్దాం."

"చేయలేను మేడమ్. వాళ్లకు మాట ఇచ్చాం. మీకు కావాలంటే తీసుకుంటున్నట్టు రాసివ్వండి, మా కేంద్రానికి చెప్తాను."

ఆమె కోప్పడలేదు. పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. "నేనేం అనను. ఏసీపీ సార్ వస్తున్నరు. ఆయన చూస్తరు. అప్పటిదాక మీ దగ్గరనే ఉంచుకోండి, బయటికి పోకండి" అంది.

షెడ్డు కిందికి తిరిగి వచ్చేసరికి నా చోటు మూసుకుపోయింది. నేను కూర్చున్న చోట సంచులు పెట్టారు. "కుర్చీ ఏసిన్రా? చాయ్ పోసిన్రా?" అని ఎవరో అడిగారు. కిటికీలోంచి చూసి ఉంటారు. నేను పక్కన నేల మీద, గచ్చు పగిలిన చోట కూర్చున్నాను.

అప్పుడే ఫోన్ మోగింది. నా సహోద్యోగి. బయట గేటు దగ్గర ఉన్నాడట, లోపలికి రానివ్వడం లేదు. సంగతి అంతా చెప్పాను.

"అక్కా, ఏం ఫికర్ చేయకు. సిగ్నల్ ఉందా? అయితే అంతా మన సర్వర్‌కు పంపెయ్. పోయినంక ట్యాబ్‌ల మొత్తం తుడిచెయ్. ఏసీపీ వచ్చి చూసినా ఖాళీగా ఉంటది. ఆ ఆడవాళ్లకూ చూపెట్టు, ఖాళీ అని. అందరికీ మంచిదే."

"వాళ్లు తీసేయమన్నది ట్యాబ్‌లోంచి కాదురా. అసలు ఉండొద్దన్నారు."

"వాళ్ల భయం పోలీసుల గురించి. మన సర్వర్ పోలీసులకు దొరకదు. నెల తర్వాత ఫోన్ చేసి మళ్లీ అడుగుదాం, వద్దంటే అప్పుడు తీసేద్దాం. ఇప్పుడు తీసేస్తే ఎవరివి పోతయో ఆలోచించు. భయపడ్డవాళ్లవే పోతయ్. భయం లేనోళ్లవే మిగులుతయ్. రేపు మనం అరెస్టు చేస్తే ఎవరూ భయపడరు అని రాయాల్నా?"

అతను చెప్పిన దాంట్లో తప్పు లేదు. అది నాకు తెలుసు. మా ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది ఆ భయపడ్డవాళ్లే. వాళ్లను పోగొట్టుకుంటే మిగిలేది వంకర జవాబు. ఫోన్ పెట్టేసి ట్యాబ్ తెరిచాను. ఆకుపచ్చ రంగులో 'పంపు' అనే మీట ఉంది. సిగ్నల్ గీతలు ఒకసారి రెండు, ఒకసారి ఒకటి. వేలు దాని మీద పెట్టాను. నొక్కితే నిమిషంలో అయిపోతుంది. తర్వాత ఖాళీ ట్యాబ్ ఎత్తి చూపిస్తే వాళ్లు నమ్ముతారు. ఎప్పటికీ తెలియదు.

"ఏం ఒత్తుతున్నవ్?"

తల ఎత్తితే ఆయా నా ముందు నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకో నలుగురు. ఆవరణలో జీపు వచ్చి ఆగిన చప్పుడైంది. ఏసీపీ కాదు, ఎవరో వేరేవాళ్లు.

నేను అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను కూడా. కానీ బయటికి వచ్చింది వేరే మాట.

"ఇది నొక్కితే మీ నంబర్లు మా ఆఫీసుకు పోతాయి. పోలీసులకు దొరకవు. నెల తర్వాత మీకు ఫోన్ చేయొచ్చు. ఈ ఎర్రది నొక్కితే నంబరు, మీరు చెప్పింది, రెండూ ఎక్కడా ఉండవు. మా దగ్గర కూడా ఉండవు. ఎవరిది వాళ్లు చెప్పండి. ఏది చెప్తే అది చేస్తాను. పెద్ద సార్ వచ్చేలోగా తేల్చాలి."

తర్వాత ఆయా నా పక్కన గొంతుక్కూచుంది. "నాది చూపెట్టు" అంది. చూపించాను. తన నంబరు అంకె అంకె చదువుకుంది. "ఇదే ఎర్రదా?" అని అడిగి, తనే నొక్కింది. 'నిజంగా తీసేయాలా' అని ట్యాబ్ అడిగింది. చదివి వినిపించాను. "ఔ" అని ట్యాబ్‌తోనే చెప్పినట్టు చెప్పి, మళ్లీ నొక్కింది. జాబితాలో ఆమె నంబరున్న వరస మాయమైంది. లేచి వెళ్లిపోయింది.

నేను నంబరు తీసుకున్నవాళ్లంతా ఆ షెడ్డు కిందే ఉన్నారు, తర్వాత ఒక్కొక్కరుగా వచ్చారు. ఎక్కువమంది ఎర్రదే. ఒకామె తేల్చుకోలేక రెండుసార్లు వచ్చి వెళ్లి చివరికి తీసేయించుకుంది. నన్ను బస్సులో వేరే ఊరిదాన్ని అన్న టీచర్ అందరికంటే ఆఖర్న వచ్చింది. పొడుగాటి మనిషి, గొంతు పెద్దది.

"నాది పంపు," అంది. "నెల తర్వాత ఫోన్ చెయ్యి. మళ్ల వస్తనో రానో చెప్త. గానీ నిన్ను నమ్మి చెప్తలేను. మా ముచ్చట ఎవలో ఒకలు రాయాలె గద, గందుకు చెప్తున్న."

ఆమెలాంటివాళ్లు కొద్దిమందే. వాళ్లవి ఉంచి ఆకుపచ్చ మీట నొక్కాను. సిగ్నల్ గీతలు ఒకటికి పడిపోయినప్పుడు పంపడం సగంలో ఆగింది. ట్యాబ్ పట్టుకుని షెడ్డు అంచుదాకా నడిచి, చెయ్యి పైకెత్తి నిలబడ్డాను. అందరూ చూస్తున్నారు. పోయింది అని వచ్చేసరికి నా మెడ పట్టేసింది. పంపినవాటిని ట్యాబ్‌లోంచి తుడిచేశాను.

ఏసీపీ ఎండ తగ్గాక వచ్చారు. నన్ను లోపలికి పిలిచారు. మనిషి అలసిపోయి ఉన్నారు. సీఐ పక్కన నిలబడింది, గళ్ల చొక్కా మనిషి తలుపు దగ్గర.

"నంబర్లు ఉన్నయట?"

"ఇప్పుడు ట్యాబ్‌లో లేవు సార్. వాళ్లు తీసేయమన్నారు, తీసేశాను. ఉంచమన్నవాళ్లవి మా ఆఫీసుకు పోయాయి."

సీఐ నా వైపు చూసింది. ఆ చూపులో ఏముందో నాకు తెలియలేదు. ఏసీపీ చెయ్యి చాచారు. ఖాళీ ప్రశ్నలు మాత్రం తెరిచి ఇచ్చాను. ఆయన పైనుంచి కిందికి చదువుతూ వెళ్లారు. ఒక చోట ఆగి పైకి చదివారు. "పోలీసుల మీద మీకు ఎంత నమ్మకం ఉంది?" నవ్వారు. "మంచి ప్రశ్ననే. మా వాణ్ని సుత అడిగినరట గద. ఏం చెప్పిండు?"

తలుపు దగ్గర మనిషి హెల్మెట్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నేను ఆయన వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. చూస్తే జవాబు చెప్పినట్టే.

"చెప్పకూడదు సార్. అందరికీ ఒకటే మాట ఇచ్చాం."

"మా వాడే గదమ్మా. డ్యూటీల ఉన్నోడు."

"ఆయనకూ అదే మాట ఇచ్చాను సార్."

ఆయన కాసేపు నన్నూ, కాసేపు ఆ మనిషినీ చూశారు. మూలన ఎవరిదో ఫోన్ మోగింది. అసెంబ్లీ దగ్గర ఇంకో గుంపు చేరిందని కబురు. ఆయన ట్యాబ్ బల్ల మీద పెట్టి లేచారు. "ఇచ్చెయ్యండి" అని సీఐతో అని వెళ్లిపోయారు. గళ్ల చొక్కా మనిషి ఆయన వెనకే పరుగెత్తాడు.

కాసేపటికి అందరినీ వదిలేశారు. ఆడవాళ్లు గేటు బయట యూనిఫాం చీరలు విప్పి మడతపెట్టి సంచుల్లో పెట్టుకున్నారు. ఎవరూ నాకు వెళ్లొస్తామని చెప్పలేదు. ఆయా నాకు కనిపించనే లేదు. ముందే వెళ్లిపోయి ఉంటుంది.

గేటు దగ్గర నా సహోద్యోగి అప్పట్నుంచీ నిలబడే ఉన్నాడు. నీళ్ల సీసా ఇచ్చాడు. నేను తాగేదాకా ఆగి, "ఎన్ని మిగిలినయ్?" అని అడిగాడు. చెప్పాను. అతని మొహం చూడలేకపోయాను. "నేను చెప్పింది తప్పంటావా?" అన్నాడు.

"తప్పనలేదు."

"మరి?"

"ఆమె నా ముందే నిలబడి ఉంది. నొక్కలేకపోయాను."

"అంటే నువ్వే ఎంచుకున్నవ్. ఎవరిది ఉండాలె, ఎవరిది పోవాలె, ఎదురుగ నిలబడ్డ మొహాన్ని చూసి. మన పద్ధతి మొత్తం పెట్టుకున్నదే అది జరగొద్దని."

మర్నాడు అతను నన్ను మేడమ్ అని పిలిచాడు. ఆ పిలుపు చాలా వారాలు సాగింది. అక్కా అనే మాట ఎంత అలవాటైందో అది ఆగిపోయాక తెలిసింది.

డైరెక్టరుగారు తిట్టలేదు. పెద్దమనిషి, మీసాలు నెరిసిన మనిషి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మీరు క్షేమంగా వచ్చారు, అది చాలమ్మా" అన్నారు. ఆ తర్వాత, "కానీ ఇక ఇది మనం అనుకున్న పరిశోధన కాదు" అన్నారు. నిజమే. నెల తర్వాత ఫోన్ చేయడానికి మిగిలిన నంబర్లతో ఏ లెక్కా నిలబడలేదు. ఆ పెద్ద గొంతు టీచర్ మాత్రం ఫోన్ మొదటి మోతకే ఎత్తింది. మళ్లీ వస్తానంది. నాతో చాలాసేపు మాట్లాడింది, చాలా విషయాలు చెప్పింది. కానీ ఆమె వస్తుందని మాకు ముందే తెలుసు. రానివాళ్ల గొంతు వినడానికి కదా మేం మొదలుపెట్టింది.

వ్యాసం రాశాం. అనుకున్న ప్రశ్నకు జవాబు లేని వ్యాసం. జరిగింది జరిగినట్టు రాసి, ఇలాంటి చోట నంబర్లు తీసుకునే పద్ధతి పనిచేయదని చెప్పాం. ఒక పత్రిక తిప్పి పంపింది. ఇంకొకటి వేసుకుంది. ఆ తర్వాత మేం నంబర్లు అడగడం మానేసి, మా నంబరే చీటీ మీద ఇవ్వడం మొదలుపెట్టాం. ఇష్టముంటే మీరే ఫోన్ చేయండి అని. చేసేవాళ్లు తక్కువ.

ఈ మధ్య నా సహోద్యోగి కొత్తగా చేరిన విద్యార్థులకు పరిశోధన పద్ధతుల పాఠం చెప్తున్నాడు. అందులో ఆ రోజు సంగతి ఒక ఉదాహరణ. నన్నూ వచ్చి కూర్చోమన్నాడు. బోర్డు మీద రెండు మీటలు గీశాడు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. రెండువైపుల మాటా నిజాయితీగానే చెప్పాడు. తను ఏది నొక్కేవాడో కూడా చెప్పాడు, ఆకుపచ్చది. విద్యార్థులు రెండుగా చీలి చాలాసేపు వాదించుకున్నారు. నేను వెనక బెంచీలో కూర్చుని వింటున్నాను. నన్ను సమర్థించినవాళ్లలో కొందరి కారణాలు నాకు నచ్చలేదు. అతన్ని సమర్థించినవాళ్లలో కొందరి మాట నాకు సరైనదే అనిపించింది.

చివర్లో ఒకమ్మాయి వెనక్కి తిరిగి నన్నే అడిగింది. "మేడమ్, ఆ ఆయాకు ఇంట్లో ఏమైనా ఇబ్బంది అయిందా? వాళ్లాయనకు తెలిసిందా?"

"తెలియదమ్మా" అన్నాను. "తెలుసుకునే దారి నా దగ్గర లేదు."

ఆ అమ్మాయి ఇంకేదో వస్తుందని ఎదురుచూసింది. నా సహోద్యోగి బోర్డు తుడవబోయి ఆగి, "అక్కా, ఇంకేమన్న చెప్తవా?" అన్నాడు.

లేదన్నాను. అతను బోర్డు తుడిచేశాడు.